బ్రేకు మాస్టారి పుస్తకం

ఆ డ్రైవింగు స్కూల్లో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారే. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, స్టీరింగు పట్టుకున్నవాళ్ళు తడబడితే మాస్టారు తొక్కడానికి. మిగతా మాస్టార్లు దాన్ని అవసరం పడితే తొక్కుతారు. ఈయన, అవసరం పడుతుందేమోనన్న అనుమానం వస్తే చాలు, తొక్కేస్తారు. రోడ్డు మీద కాగితం ముక్క ఎగిరితే బ్రేకు. పక్కన నడిచిపోయే మనిషి చెప్పు సర్దుకోవడానికి వంగితే బ్రేకు. ఇంట్లో సోఫాలో కూర్చుని సినిమా చూస్తూ, అందులో కారు మలుపు తిరిగితే గచ్చు మీద బ్రేకు.

"మెల్లిగా తొక్కండి, కింద వాటావాళ్ళు పైకొస్తారు" అంటుంది భార్య.

అంతమాత్రాన ఆయన్ని చేతకానివాడని అనుకుంటే పొరపాటు. కుర్రకారు వేరే మాస్టార్ల దగ్గరికి పోతారు గానీ, భయస్తులు మాత్రం వెతుక్కుంటూ ఈయన దగ్గరికే వస్తారు. ఎప్పుడో ఒకసారి గోడకు గుద్దేసి మళ్ళీ స్టీరింగు ముట్టనివాళ్ళు, భర్త పోయాక షెడ్డులో కారును చూసి చూసి ఏడ్చేవాళ్ళు, నలభై దాటాక సిగ్గుపడుతూ వచ్చేవాళ్ళు. మొదటిరోజు ఆయన కారు స్టార్టు చెయ్యనివ్వరు. తలుపులు బార్లా తెరిచి, సీటు ముందుకీ వెనక్కీ జరుపుకోవడం నేర్పి, హారను కొట్టిస్తారు. "నీ హారనుకి నువ్వే ఉలిక్కిపడుతుంటే, ఇక పక్కవాడిది ఏం వింటావమ్మా?" అంటారు. వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వుతో సగం భయం దిగిపోతుంది.

అయితే ఏళ్ళ తరబడి బ్రేకు తొక్కీ తొక్కీ ఆయన మోకాలు అరిగిపోయింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "మాస్టారూ, బ్రేకుతో మీ చుట్టరికం ఇక్కడితో సరి" అన్నాడు. ఆపరేషన్ ఖాయమైంది. ఆ తర్వాత నడవచ్చు, మెట్లెక్కవచ్చు, కానీ పక్క సీట్లో కూర్చుని పాఠం చెప్పే పని మాత్రం ముగిసినట్టే.

ఆ మాట విన్నరోజు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక లేచిపోయారు. "ఇన్నాళ్ళూ చెప్పిందంతా నాతోనే పోతుందా?" అన్నారు. "పోకుండా రాసెయ్యండి. మీరు చెబుతుంటే నేను టైపు కొడతా" అంది భార్య. ఆవిడ ఒక హైస్కూలు ఆఫీసులో పనిచేస్తుంది, కీబోర్డు చూడకుండా కొట్టేస్తుంది. అలా పుట్టింది పుస్తకం, కారంటే భయపడేవాళ్ళ కోసం.

పుట్టింది గానీ, బయటికి రాలేదు. మొదటి పుస్తకం రాసేవాళ్ళకు పట్టే జబ్బులన్నీ ఆయనకు ఒక్కసారే పట్టుకున్నాయి. ఒకసారి ప్రెస్సులో ఇచ్చి, వానలో కారు నడపడం గురించి రాయలేదని వెనక్కి తెచ్చుకున్నారు. ఇంకోసారి ఇచ్చి, అసలు చక్రం పుట్టుక నుంచీ చెప్పకపోతే చదువుకున్నవాళ్ళు నవ్వుతారని వెనక్కి తెచ్చుకున్నారు. చక్రం వచ్చింది, రోడ్ల చరిత్ర వచ్చింది, రవాణా చట్టాలు వచ్చాయి, మాస్టారి బాల్యం వచ్చింది. భయపడే మనిషి కారు తలుపు తెరిచేసరికి నలభై పేజీలు గడిచిపోయాయి. మూడోసారి ఇచ్చి, ముందుమాట లేదని వెనక్కి తెచ్చుకున్నారు. రవాణా శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన ఒక పెద్దాయన, ఎప్పుడో ఏదో సభలో భుజం తట్టి, "ఏదైనా రాస్తే చూపించవయ్యా" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని, పేజీలన్నీ ఆయనకు పంపి, నెలల తరబడి ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. పెద్దాయన నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇంత తతంగంలో ఒక్క శిష్యురాలికి గానీ శిష్యుడికి గానీ ఆ కాగితాలు చూపించిన పాపాన పోలేదు. తోటి మాస్టార్లకు చూపించారు. వాళ్ళు రెండు పేజీలు తిప్పి "అద్భుతం" అన్నారు. ఆయన నమ్మారు.

శుక్రవారం సాయంత్రం ప్రెస్సు నుంచి కబురొచ్చింది. ప్రెస్సు నడిపేది ఒక పెద్దావిడ. మాస్టారు ఆవిణ్ణి అక్కా అంటారు. ఎప్పుడో ఆవిడకి కూడా కారు నేర్పింది ఈయనే. ఆ మొహమాటం కొద్దీ, మిగతా ప్రెస్సులవాళ్ళు కాదన్న కొద్దిపాటి కాపీల పని ఆవిడ ఒప్పుకుంది. మాస్టారు కుంటుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుతూ ఉంది.

"తమ్ముడూ, మిషను అమ్మేశాను. సోమవారం విప్పుకుపోతారు. రేపు మధ్యాహ్నం పన్నెండింటి లోపల ఫైలు ఖాయం చేస్తే, ఆఖరి పనిగా నీది వేసి తాళం పెడతా. దాటిందా, ఇక నన్ను అడక్కు."

"అక్కా, ఇంకొక్క వారం. ముందుమాట రావాలి..."

"వారం తర్వాత నువ్వు ఆసుపత్రి మంచం మీద ఉంటావు. నేను ఈ ఊళ్ళోనే ఉండను. ముందుమాట ఎవరి చేతికిస్తావ్?"

ఆవిడ వదల్లేదు. "సరే, వేశామే అనుకో. ఎవరికి అమ్ముతావ్? చివరి పేజీలో నీ ఫోను నెంబరు వెయ్యమంటే వద్దన్నావు."

"పుస్తకం మీద ఫోను నెంబరేంటక్కా? నల్లాలు బాగుచేసేవాడి కార్డా అది? మంచి పుస్తకమైతే దానంతటదే నడుచుకుంటూ పోతుంది."

ఆవిడ గట్టిగా నవ్వి, గది మూలకు చెయ్యి చూపించింది. అక్కడ పురికొసతో కట్టిన పుస్తకాల కట్టలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. పై కట్ట మీద ఫ్లాస్కు, గ్లాసులు ఉన్నాయి. "అవన్నీ నడుచుకుంటూ పోతాయని రాసినవాళ్ళు వదిలేసి వెళ్ళినవే. ఇన్నేళ్ళలో ఒక్కటీ నా గుమ్మం దాటలేదు. వెళ్ళి ఆలోచించుకో. రేపు పన్నెండు."

మాస్టారు ఆ కట్టల వైపు చూశారు. పై అట్ట మీద ఎవరిదో ఫొటో, టీ మరకల కింద నవ్వుతూ ఉంది.

ఇంటికొచ్చాక కాలుగాలిన పిల్లిలా తిరగడానికి కూడా మోకాలు సహకరించలేదు. కుర్చీలో కూర్చునే తిరిగారు, మనసులో. భార్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతా, చిరాకు పడకండి. ఈ పుస్తకం ఎవరికి?"

"అందరికీ. రోడ్డెక్కే ప్రతివాళ్ళకీ."

"అందరూ అంటే ఎవరు? మా హెడ్‌మాస్టరుకా? ఆయనకి కారొచ్చు. కింద వాటా తాతకా? ఆయన మంచం దిగడు. ఒక్క మనిషిని చెప్పండి. ఆ మనిషి చేతిలో మీ పుస్తకం ఉంది, మొదటి పేజీ తిప్పింది. అక్కడ ఏముంది? చక్రం పుట్టుక. ఆ మనిషి కారెప్పుడు ఎక్కుతుంది?"

"నీకు పుస్తకాల సంగతి ఏం తెలుసు?" అని ఒక్క అరుపు అరిచారు మాస్టారు.

"నాకు తెలియదు నిజమే. నాలుగుసార్లు టైపు కొట్టాను గనక ఈ పుస్తకం సంగతి మాత్రం తెలుసు. అయిదోసారి కొట్టను" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. కోపంగా కూడా అనలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. ఆవిడ అలిగితే బతిమాలుకోవచ్చు, విసిగిపోతే ఏం చెయ్యాలో ఆయనకు ఇన్నేళ్ళలో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆయనకు ఆఖరి పాఠం. నేర్చుకునేది ఒక నర్సమ్మ. వార్డు డ్యూటీ నుంచి, ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే పనికి మారింది. ఆ పనికి కారు తప్పనిసరి. ఒకప్పుడు అన్నయ్య కారు తీసి గేటుకు గుద్దేసిందట, అప్పటి నుంచీ స్టీరింగు చూస్తే చేతులు చల్లబడేవి. మాస్టారి దగ్గర కాస్త కుదుటపడింది. వచ్చే వారమే పరీక్ష.

ఆమె కారెక్కుతూనే సంచిలోంచి ఒక కాగితాల బొత్తి తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. మాస్టారు చూసి కొయ్యబారిపోయారు. తన పుస్తకమే. అంచుల్లో పెన్సిలు గీతలు కూడా ఉన్నాయి.

"ఇది నీకెక్కడిది?"

"క్లాసు టైము అడగడానికి మీ ఇంటికి వచ్చాను కదా మాస్టారూ, అప్పుడు అమ్మగారిచ్చారు. చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు." ఆమె సీటు జరుపుకుని, అద్దం సర్దుకుంది. "చెప్పమంటారా?"

"చెప్పు" అన్నారు ఆయన. నిజానికి ఆయనకు వినాలని లేదు. పొగడ్త అయితే వినాలని ఉంది.

"మొదటి నలభై పేజీలు చదవలేకపోయాను. రెండుసార్లు నిద్రపోయాను. మూడోసారి వదిలేసి వెనక నుంచి తెరిచాను. అక్కడ..."

"నిద్రపోయావా?"

"డ్యూటీ నుంచి వచ్చి చదివాను మాస్టారూ. నాలాంటిదాన్ని అడిగితే..."

"నీలాంటిదానికి అర్థమయ్యే విషయాలు కావులే అవి. పద, బండి తియ్యి."

నర్సమ్మ ముఖం మాడిపోయింది. తాళం తిప్పింది. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. భార్య మీద కోపం, ఈవిడ మీద కోపం, గడియారం మీద కోపం. నా పుస్తకం తప్పులు ఎంచేటంతదైందా, చూద్దాం ఎంత నేర్చుకుందో అనుకున్నారు. ఎప్పుడూ వెళ్ళే ఖాళీ రోడ్డు కాకుండా, నాలుగు పెద్ద రోడ్లు కలిసే కూడలి వైపు తిప్పమన్నారు. ఆ కూడలి దాటేదాకా దారి ఎగువకే ఎక్కుతుంది. అక్కడ పాతకాపులు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతారు.

"ఇంకా నేను అక్కడ..."

"పద."

ఆమె నడిపింది. గేర్లు మార్చడంలో తప్పు లేదు, అద్దం చూడటంలో తప్పు లేదు. తప్పు దొరక్కపోవడం ఆయన్ని ఇంకా ఉడికించింది. కూడలి దగ్గర ఎర్ర లైటు. వీళ్ళదే ముందు కారు, వెనక బస్సు. పచ్చ లైటు పడింది. ఆమె అటూ ఇటూ చూసి కారు ముందుకు తీసింది. కూడలి నడిమధ్యకు వస్తుండగా పక్క రోడ్డులోంచి ఒక లారీ ముక్కు బయటికి పొడుచుకొచ్చింది. లారీవాడు ఆగుతున్నాడు. నర్సమ్మ చూసింది, అతను ఆగడం కూడా చూసింది. మాస్టారు మాత్రం లారీ ముక్కునే చూశారు.

ఆయన కాలు పడిపోయింది, బ్రేకు మీద, ఒంట్లో ఉన్న బలమంతా వేసుకుని.

కారు ఒక్క కుదుపుతో ఆగింది. ఇంజను చచ్చింది. వెనక బస్సు టైర్లు కీచుమని అరిచి, ఆ అరుపు ఎంతకీ తెగలేదు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఇద్దరి పై ప్రాణాలు పైనే పోయాయి. బస్సు ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే అద్దం నిండా బస్సు రేడియేటరు తప్ప ఏమీ కనపడలేదు.

"నేను చూశాను మాస్టారూ!" నర్సమ్మ ఆయన వైపు తిరిగింది. "లారీ ఆగింది. నేను చూశాను. మీరెందుకు తొక్కారు?"

మాస్టారి మోకాలు పట్టేసింది. కాలు బిర్రబిగుసుకుపోయి బ్రేకు మీదే ఉండిపోయింది. ఎత్తబోతే కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ఆమె ఇంజను తిరిగి స్టార్టు చేసింది. కారు మూలిగింది గానీ కదల్లేదు. ఎలా కదులుతుంది? ఆయన కాలు తొక్కిపట్టి ఉంది.

"కాలు తియ్యండి మాస్టారూ."

"రావట్లేదమ్మా." ఆ మాట అంటుంటే ఆయనకు ఏడుపొచ్చింది. "కాలు రావట్లేదు."

నాలుగు వైపుల నుంచీ హారన్లు. లైటు మారింది. అడ్డంగా వచ్చే బండ్లు వీళ్ళ చుట్టూ చీలి పోతున్నాయి. ఎవడో కిటికీలోంచి తల బయటపెట్టి బూతులు తిట్టాడు. ఇన్నేళ్ళుగా ఎందరికో ధైర్యం చెప్పిన మాస్టారికి ఆ క్షణంలో ఒక్క మాటా గుర్తు రాలేదు. చెమట కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకోవడం కూడా తెలియలేదు. ఈ కారును ఆపింది తానే, ఈమెకు ఏమైనా అయితే చేసింది తానే.

నర్సమ్మ హ్యాండ్‌బ్రేకు లాగింది. తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టింది. మాస్టారికి మొదట అర్థం కాలేదు.

"వాలులో కారు జారిపోతుందని భయపడకు. హ్యాండ్‌బ్రేకు పట్టుకునే ఉంది. ముందు నువ్వు ఊపిరి పీల్చుకో. వెనక మోగే హారన్లు నిన్ను తిట్టడం లేదు, వాళ్ళ తొందరని వాళ్ళు తిట్టుకుంటున్నారు..."

ఆ మాటలు ఆయనవి. ఒకరోజు వంటగది గట్టు మీద కూర్చుని, భార్య టీ కాస్తుంటే, ఆలోచించకుండా చెప్పేసిన మాటలు. ఇందులో పాండిత్యం లేదని తీసేద్దామనుకున్న అధ్యాయం అది. ఆమెకు కంఠతా వచ్చింది.

"మోకాలు లాగకండి, పట్టేసింది, లాగితే ఇంకా బిగుస్తుంది" అందామె. గొంతు మారిపోయింది, వార్డులో మాట్లాడే గొంతు. "సీటే వెనక్కి జరుపుదాం. మొదటిరోజు నేర్పారుగా. రెండో కాలితో నేలను తన్నండి."

ఆమె వంగి ఆయన సీటు కింద మీట ఎత్తిపట్టింది. మాస్టారు మంచి కాలితో తన్నారు. సీటు గరగరమంటూ చివరిదాకా వెనక్కి జరిగింది. కాలు బ్రేకు మీది నుంచి జారి గాలిలోకి వచ్చింది. నొప్పికి ఆయన నోట అమ్మా అన్న కేక వచ్చింది.

ఆమె ఆ కేక పట్టించుకోలేదు. క్లచ్చు తొక్కి గేరు వేసింది. "క్లచ్చు మెల్లిగా వదులు. ఇంజను గొంతు మారేదాకా ఆగు. మారిందా? ఇక అది నీ మాట వింటుంది" అని పైకే అనుకుంది. ఇంజను గొంతు మారింది. హ్యాండ్‌బ్రేకు దించింది. కారు వీసమెత్తు వెనక్కి జారకుండా ఎగువను ఎక్కి, కూడలి దాటి, అవతలి రోడ్డు అంచున ఆగింది.

కాసేపటికి మోకాలు కొంచెం సడలింది.

"నేను ఇందాక చెప్పబోయింది ఇదే" అంది నర్సమ్మ చివరికి. "ముందు నలభై పేజీలు నా కోసం రాయలేదు మాస్టారూ. మిమ్మల్ని ఎవరూ తక్కువగా అనుకోకూడదని రాసుకున్నారు. తర్వాత రాసింది మాత్రం నా కోసమే. అది నాలుగుసార్లు చదివాను. వాలు సంగతైతే బస్సులో, వంటింట్లో, అన్నిచోట్లా."

మాస్టారు తలవంచుకున్నారు. కోపం రాలేదు. సిగ్గేసింది, దాంతో పాటే, ఎందుకో తెలియని తేలిక కూడా.

"తప్పు నాదమ్మా. లారీ కంటే ముందు నేనే నీకు అడ్డం పడ్డాను." ఆయన గడియారం చూసుకున్నారు. పన్నెండు దగ్గరపడుతోంది. "నన్ను ప్రెస్సుకు తీసుకెళ్ళగలవా?"

"సీటు ముందుకు జరపమంటారా?"

మాస్టారు బ్రేకు వైపు చూశారు. కాలు అందనంత దూరంలో ఉంది. "వద్దు, అలాగే ఉండనీ" అన్నారు.

దారిలో ఆమె రెండుచోట్ల తడబడింది. ఒకచోట గేరు తప్పు పడి కారు కీచుమంది. మాస్టారి వేళ్ళు సీటు అంచును పిండేశాయి. తడబడిన ప్రతిసారీ తనే సర్దుకుంది. ఎవరూ చావలేదు.

ప్రెస్సావిడ తాళం గుత్తి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వు రావనుకున్నా" అంది.

"అక్కా, ముందున్న నలభై పేజీలూ తీసెయ్యి."

"ఏంటీ?"

"చక్రం, చట్టాలు, నా చిన్నతనం, అన్నీ. 'ఈరోజు కారు స్టార్టు చెయ్యకు' అని ఉంటుంది చూడు, పుస్తకం అక్కడ మొదలవ్వాలి."

ఆవిడ గబగబా కంప్యూటరు ముందు కూర్చుంది. పేజీల అంకెలు మారుతుండగా మాస్టారి జేబులో ఫోను మోగింది. పెద్దాయన! ఇన్ని నెలల తర్వాత, ఇప్పుడు! మాస్టారు గోడకు చేరగిలబడి ఎత్తారు.

"ఏమయ్యా, నీ రాత చూశాను. ఆ చక్రం, చట్టాలు, అవి దివ్యంగా ఉన్నాయి. ఇంకాస్త పెంచు. నా హయాంలో జరిగిన పనులు కూడా ఒక అధ్యాయం వేద్దాం. వెనక ఆ భయాలూ ఊపిర్లూ అవన్నీ ఎందుకు, తీసెయ్. నాకు రెండుమూడు నెలల టైమివ్వు, బ్రహ్మాండమైన ముందుమాట రాసిస్తా."

ఆయన కోరుకున్నది అదే. నిద్రలో కూడా కలవరించింది అదే. పెద్దాయన పేరు అట్ట మీద ఉంటే తన పుస్తకాన్ని ఎవడూ వేలెత్తి చూపలేడు. ప్రెస్సావిడ మౌసు మీద చెయ్యి ఆపి చూస్తోంది. గోడ గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చేసింది. ఆయన మంచి కాలు తనంతట తానే గచ్చును తొక్కింది.

నర్సమ్మ ఆ కాలి వైపు చూసింది.

మాస్టారు కాలు ఎత్తారు. "క్షమించండి సార్. పుస్తకం మిషనెక్కేసింది" అన్నారు.

ఎక్కలేదు. అబద్ధం. ఫోను పెట్టేసి ప్రెస్సావిడ వైపు తిరిగారు. "అక్కా, నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు. త్వరగా ఎక్కించు."

ఆవిడ నవ్వి, "ఫోను నెంబరు?" అంది. మూలనున్న కట్టలు చూసి, ఆయన అంకెలు ఒక్కొక్కటీ చెప్పారు. నల్లాలు బాగుచేసేవాడు పిలిస్తే పలుకుతాడు, అంతకంటే గౌరవం ఏముంది అనిపించింది.

ఆ తర్వాత పుస్తకం వచ్చింది, మోకాలి ఆపరేషన్ అయింది, నర్సమ్మకు లైసెన్సూ వచ్చింది. మంచం మీద పడుకుని మాస్టారు ఎన్నడూ చెయ్యని పని చేశారు. పాత శిష్యులకు ఫోన్లు చేశారు. మొదటి ఫోనుకు సిగ్గుతో నోరు పెగల్లేదు. "నేనమ్మా, బ్రేకు మాస్టార్ని. పుస్తకం వేశాను. మీ ఇంట్లో ఎవరైనా భయపడేవాళ్ళుంటే..." అంతవరకే వచ్చింది. కొందరు కొన్నారు, కొందరు చూస్తామన్నారు, ఒకాయన అసలు గుర్తుపట్టలేదు. నర్సమ్మ కొన్ని తీసుకెళ్ళి ఆసుపత్రి విశ్రాంతి గదిలో పెట్టింది. ఎవరో ఫోను చేసి అద్దాల అధ్యాయం బొత్తిగా అర్థం కాలేదని దులిపేశారు. మాస్టారికి చురుక్కుమంది. అయినా "ఎక్కడ తికమకపడ్డారో చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. భార్య వంటింట్లోంచి తొంగిచూసి, ఆయనకు ఇష్టమైన చిక్కటి టీ పెట్టి తెచ్చింది.

ఒకరోజు పొద్దున ఫోను మోగింది. తెలియని గొంతు, ఆడమనిషి, రొప్పుతోంది. వెనక హారన్లు.

"పుస్తకం రాసిన మాస్టారేనా? బండి ఆగిపోయిందండీ. ఎగువలో ఉన్నాను. వెనక చాలా బండ్లు. నాకు చేతులు ఆడట్లేదు."

మాస్టారు దిండు మీది నుంచి లేచిపోబోయారు. దుప్పటి కింద కుట్లున్న కాలు బిగుసుకుని, లేని బ్రేకును తొక్కింది. నొప్పికి కళ్ళు తిరిగాయి. దిగిపో తల్లీ, ఎవర్నైనా పిలువు, నువ్వు నడపకు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ కారులో ఆయనకు సీటు లేదు. పెడలు లేదు. ఆ మనిషి ముఖం కూడా తెలియదు. ఇంత భయం ఆయన కూడలిలో కూడా పడలేదు.

"పక్క సీట్లో ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండీ. మీ పుస్తకం పెట్టుకున్నాను."

భార్య వచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఏ పేజీ తెరిచి ఉంది?"

"వాలు పేజీ."

"అయితే నన్నెందుకు అడుగుతున్నావ్? నేను చెప్పేదంతా అక్కడే ఉంది. ఫోను పెట్టెయ్. చదువుకుని బండి తియ్యి." అని, ఆమె ఏదో అనబోతుంటే, తనే ఫోను పెట్టేశారు.

"ఎవరండీ?" అంది భార్య.

"తెలియదు. పేరడగలేదు."

ఆయన ఫోను గుండె మీద పెట్టుకుని కప్పు వైపు చూస్తూ పడుకున్నారు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. కాలు కదపలేదు. భార్య మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా, చల్లగా ఉంది. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు.

ఫోను మోగింది. ఈసారి హారన్లు లేవు.

"ఎక్కేసింది మాస్టారూ!" అని ఆ గొంతు ఏడుస్తూ నవ్వుతోంది. "ఎక్కించి, పక్కకి తీసి ఆపాను. నేనొక్కదాన్నే!"

మాస్టారు "బాగుందమ్మా" అందామనుకున్నారు. అనబోతే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఫోను భార్య చేతికిచ్చి, "పేరు అడుగు" అన్నారు.